నరాల డాక్టరన్న రోజులు

విశాలం మేడం పోయారని మొన్న పొద్దున ఫోను వచ్చింది. నిండుగా బతికిన మనిషి, నిద్రలోనే పోయారట. కీల్పాక్‌లో వాళ్ళింటికి వెళ్ళేసరికి హాలు నిండా డాక్టర్లే. సగం మంది నాలాగా తల నెరిసినవాళ్ళు, సగం మంది నేనెరగని పిల్లలు. ఏడుపులు పెద్దగా లేవు. పక్కింటివాళ్ళు పంపిన కాఫీ అందరికీ ఇప్పిస్తూ, అమ్మ ఎవరెవరిని ఎలా ఆట పట్టించేదో ఆమె కూతురు చెబుతుంటే ఆ ఇంట్లో నవ్వులు కూడా వినిపించాయి. నా పక్కన ఒక కుర్ర డాక్టరమ్మ కూర్చుంది. పిల్లల మనోవైద్యంలో చేరాలా వద్దా అని ఊగిసలాడుతోందట. మీరు ఈ దారిలోకి ఎలా వచ్చారు మేడం అని అడిగింది. విశాలం మేడం వల్ల, అన్నాను. అది నిజమే, కానీ మొత్తం నిజం కాదు. ఇంటికి వస్తూ ఆలోచిస్తే ఆ జవాబులో మా అవ్వ ఉంది, మా నాయన ఇంగువ కొట్టు ఉంది, తిరువొత్తియూరులో ఒక చిన్న బడి ఉంది. ఒక గ్లాసు కాఫీ తాగేలోపు చెప్పగలిగిన సంగతి కాదు.

చింతాద్రిపేటలో మా ఇల్లు కూవం మురికి ఏటి ఒడ్డుకు కాస్త ఇవతల ఉండేది. కింద కొట్టూ గోదామూ, పైన కాపురం. పెరటి వైపు కిటికీ తీస్తే కూవం వాసన, వీధి వైపు కిటికీ తీస్తే ఇంగువ వాసన. రెండూ తీస్తే ఏది గెలుస్తుందో ఆ రోజు గాలిని బట్టి ఉండేది. ఎప్పుడో నెల్లూరు వైపు నుంచి ఈ తమిళ పట్నానికి వచ్చి స్థిరపడిన కుటుంబం మాది. ముడి ఇంగువ ఎక్కడో కాబూలు అవతల నుంచి తోలు సంచుల్లో వచ్చేది. దాన్ని మైదాతో, తుమ్మ జిగురుతో కలిపి పిసికి, ముద్దలు చేసి, వెదురు తట్టల్లో ఆరబెట్టేవాళ్ళు. నాయన కలిపిన ప్రతి ముద్దలోంచీ చిటికెడు తీసి నాలుక మీద వేసుకుని, కళ్ళు మూసుకుని, ఒక గుక్క మజ్జిగ తాగి, సరి అనేవాడు. ఆ సరి వినపడేదాకా ఎవరూ తట్టలు కదిపేవాళ్ళు కాదు. మా దుప్పట్లు, జడ రిబ్బన్లు, నా వైద్యం పుస్తకాలు, అన్నీ అదే వాసన. బయటివాళ్ళు మా గడపలో ముక్కు ముడుచుకునేవాళ్ళు. మాకు మాత్రం ఊరు వెళ్ళి తిరిగొచ్చినప్పుడు తప్ప ఆ వాసన తెలిసేదే కాదు.

ఇంట్లో పెత్తనం అవ్వది. నాయన తల్లి ఆమె. తెల్లవారకముందే లేచి, ఇత్తడి ఫిల్టరులో డికాషను దిగేదాకా దాని ఎదురుగా పీట వేసుకుని కూర్చునేది, కాపలా కాస్తున్నట్టు. మొదటి కాఫీ తాగితే గానీ ఎవరితోనూ మాట్లాడేది కాదు. ఆ తర్వాత రాత్రి పడుకునేదాకా మాట్లాడుతూనే ఉండేది. అవ్వకు చెవుడు. ఒక చెవి పూర్తిగా పోయింది, రెండోది అరిస్తే పనిచేసేది. దాంతో మా ఇల్లంతా అరుపుల మీదే నడిచేది. ఉప్పు అందించమన్నా, వాన వస్తోందన్నా వీధి చివరిదాకా వినిపించేది. నాయన పొద్దున్నే తమిళ పేపరు చదివి, ముఖ్యమైన వార్తలు తెలుగులోకి మార్చి అవ్వ చెవిలో అరిచేవాడు. పక్కింటివాళ్ళు పేపరు కొనడం మానేశారని మా అమ్మ నవ్వేది.

నేను ఎంబీబీఎస్ పాసైనప్పుడు కొట్టుకు వచ్చినవాళ్ళందరికీ మైసూరుపాకు పంచారు. ప్రసూతి డాక్టరునవుతానని అవ్వ అప్పటికే పేటలో సగం మంది కోడళ్ళకు మాటిచ్చేసింది. నేను మనోవైద్యంలో పీజీ సీటు తీసుకున్నాను. ఆ సాయంత్రం మా ఇంట్లో ఎవరూ అరవలేదు. మా ఇంట్లో నిశ్శబ్దం అంటే ఎంత పెద్ద విషయమో చెప్పక్కర్లేదు. నాయన నన్ను తిట్టలేదు. వారం తిరిగేలోపు తనకు తానే ఒక దారి వెతుక్కున్నాడు. ఎవరైనా అడిగితే, మా పాప నరాల డాక్టరుకు చదువుతా ఉండాది, అనేవాడు. నరాలంటే గౌరవంగా ఉంటుంది. మెడనొప్పి, తిమ్మిర్లు, చేతులు వణకడం లాంటివి కొట్టుకు వచ్చే శెట్లు పైకి చెప్పుకోగలిగిన జబ్బులు. ఇంటికి వచ్చిన చుట్టాలు నాకు చేతులు చాపి చూపించేవాళ్ళు. నేనూ పట్టుకుని చూసేదాన్ని. ఏం చేస్తాను?

పెద్దవాళ్ళ వార్డులో పని చేసిన మొదటి రెండేళ్ళూ బాగానే గడిచాయి. విశాలం మేడం దగ్గరికి నన్ను వేసింది చివరి ఏడాది. ఆసుపత్రిలో పిల్లలకు విడిగా గది లేదు. ఎక్స్‌రే విభాగం వెనక ఒక పొడుగాటి వరండాను వెదురు చిక్ తెరలతో మూయించి, గురువారం గురువారం ఆవిడ అక్కడ పిల్లల్ని చూసేది. బల్ల లేదు, కుర్చీలు తల్లిదండ్రులకు మాత్రమే. మేము కోరచాప మీద కూర్చోవాలి. మొదటి రోజు నేను నోరు తెరిచి ఒక పిల్లవాడిని పేరు అడగ్గానే వాడు వాళ్ళమ్మ కొంగులో దూరిపోయాడు. మేడం నన్ను పక్కకు పిలిచి, మీ ఇంట్లో ఎవరికి చెవుడు అని అడిగింది. నాకు ఆశ్చర్యం వేసింది. ఇంత గొంతు ఊరికే రాదు, అని నవ్వింది. గొంతు తగ్గించడం నేర్చుకోవడానికి నాకు చాలా వారాలు పట్టింది. రెండో పాఠం ఇంకా కష్టం. మొదటిసారి వచ్చిన పిల్లల్ని ఏ ప్రశ్నా అడగొద్దని ఆవిడ నియమం. బడిలో, ఇంట్లో, డాక్టరు దగ్గర, వాళ్ళకు పొద్దస్తమానం ప్రశ్నలే కదా, ఇక్కడ కాసేపు తీరిక ఇవ్వు, అనేది. ఆవిడ తమిళం మెత్తగా, ఎవరికో జోల పాడుతున్నట్టు ఉండేది.

ఎస్తేరు ఆ వరండాలోకి వచ్చింది వానాకాలం మొదట్లో. ఎనిమిదేళ్ళ పిల్ల. తండ్రి తిరువొత్తియూరులో ఒక ఫ్యాక్టరీలో లోడింగు పని చేసేవాడు, తల్లి కరుణమ్మ నాలుగిళ్ళలో పాచిపని. గూడూరు అవతలి నుంచి పనికోసం వచ్చిన కుటుంబం. పిల్ల ఇంట్లో గలగలా మాట్లాడుతుంది, పాటలు పాడుతుంది, తమ్ముణ్ణి తిడుతుంది. గడప దాటితే ఒక్క మాట రాదు. బడిలో చేరి ఏడాది దాటినా అక్కడ ఎవరూ ఆమె గొంతు వినలేదు. చర్చిలో ప్రార్థనలు చేయించారు, దర్గాలో తాయెత్తు కట్టించారు. చివరికి హెడ్మాస్టరు, ఇది మూగపిల్ల, మూగవాళ్ళ బడికి పంపండి, పెద్ద పరీక్షలు అయ్యాక ఇక్కడ ఉంచుకోలేం, అన్నాడట. కరుణమ్మకు తమిళం అంతంత మాత్రం. వరండాలో తెలుగు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి మేడం ఆ పిల్లని నాకు అప్పగించింది.

"మూగది కాదు డాక్టరమ్మా," అంది కరుణమ్మ, కూతురి తల మీద చెయ్యి వేసి. "ఇంట్లో దీని నోరు మూయించలేక చస్తా ఉండా. ఈడికొస్తేనే నాలిక్కి తాళం పడతాది. ఎట్టా నమ్మించాల నేను?"

గురువారాలు వచ్చాయి, పోయాయి. నేను చాప మీద కూర్చుని బొమ్మలు గీసేదాన్ని. ఆమె నా పక్కనే, అంతే శ్రద్ధగా, తనూ గీసేది. ఎర్ర పెన్సిలు కావాలంటే నా చేతి వైపు చూసేది, నేను అందించేదాన్ని. వాన ఆ తెరల మీద పడి చాప అంచు తడిసేది, ఇద్దరం లోపలికి జరిగేవాళ్ళం. మాట మాత్రం లేదు. నా తోటి పీజీలు అప్పటికి చేతి నిండా కేసులతో, మందులు రాసి, తగ్గిన జబ్బులు చూసుకుని మురిసిపోతున్నారు. నేను వారానికొకసారి ఇల్లు, చెట్టు, మేక గీస్తున్నాను. ఇది వైద్యమేనా అని ఒకరోజు మేడంని అడిగాను. ఆ పిల్ల ప్రతివారం నీ దగ్గరికి ఏడవకుండా వస్తోందా, అని ఆవిడ ఎదురు అడిగింది. వస్తోంది, అన్నాను. మరింకేం, అంది.

అదే సమయంలో నాయన నా కోసం తొండియార్‌పేటలో ఒక ఏర్పాటు చూశాడు. ఆయన పెదనాన్న కొడుకు అక్కడ నర్సింగ్‌హోం కట్టాడు. చదువు కాగానే నాకొక గది ఇస్తానన్నాడు. హార్బరు పని జనం, నడుము నొప్పులు, తలనొప్పులు, మనుషులకు కొదవ ఉండదు. గది బయట బోర్డుకు చోటు కూడా చూసి వచ్చాడు నాయన. నరాల వైద్య నిపుణులు అని రాయిద్దాం పాపా అన్నాడు. నేను నరాల డాక్టరును కాను నాయనా అంటే, నువ్వు కాకుంటే పోనీ, రాస్తే ఏం పోయింది, అన్నాడు. నా మనసులో వేరే ఉంది. బెంగుళూరులో పిల్లల మనోవైద్యం విడిగా నేర్పే చోటు ఉందని, పోయి నేర్చుకుని రమ్మని మేడం చెబుతూ ఉండేది. ఇంట్లో ఆ మాట ఎత్తితే అవ్వ వినబడనట్టు ఊరుకునేది. అవ్వ చెవుడులో అదొక సౌకర్యం.

ఒక గురువారం కొట్టులో కొత్త సరుకు దిగింది. మనుషులు తక్కువై నేనూ తట్టలు సర్ది, ఆలస్యమై, చేతులు సరిగా కడుక్కోకుండానే ఆసుపత్రికి పరిగెత్తాను. చాప మీద కూర్చుని కాగితం పరిచాను. ఎస్తేరు పెన్సిలు తీసుకోలేదు. ముక్కు ఎగబీల్చి, నా చీరకొంగు వైపు వంగి, మళ్ళీ ఎగబీల్చింది. తర్వాత వెనక్కి వెళ్ళి తల్లి చెవి దగ్గర, గుసగుసగా, కానీ నాకు వినిపించేటట్టు అంది.

"అమా, ఈయమ్మ కాడ రసం వాసనొస్తా ఉండాది."

కరుణమ్మ సిగ్గుతో చచ్చిపోయింది, పిల్ల నోరు మూయబోయింది. నాకు తిరిగి చూడాలని, ఎత్తుకోవాలని ఉంది. కానీ మేడం నేర్పిందే గుర్తుంది. కాగితం మీంచి తల ఎత్తకుండా, మేక కొమ్ములు గీసుకుంటూ, రసం కాదు, పెరుంగాయం, ఇంగువ, మా ఇంట్లో దాన్నే అమ్ముతారు, అన్నాను. కాసేపటికి ఎస్తేరు వచ్చి మళ్ళీ నా పక్కన కూర్చుంది. మరుసటి వారం ఒక డబ్బాలో ముడి ఇంగువ ముక్క తీసుకెళ్ళాను. మూత తీసి వాసన చూసి, గట్టిగా తుమ్మి, తన తుమ్ముకు తానే నవ్వింది. ఆ నవ్వుకు గొంతు ఉంది. ఆ రోజు నుంచి నాతో గుసగుసల్లో మాట్లాడడం మొదలుపెట్టింది. అన్నీ చిన్న చిన్న మాటలే. తమ్ముడి పళ్ళు ఊడిన సంగతి, సముద్రం ఒడ్డున ఎండబెట్టిన చేపలను కాకులు ఎత్తుకుపోయే సంగతి.

కొన్నాళ్ళకు ఇంకొకటి చెప్పింది. బడిలో చేరిన కొత్తలో టీచరు ఏదో అడిగితే ఈడ ఉండాది అని తెలుగులో చెప్పిందట. క్లాసంతా గొల్టి, గొల్టి అని, తెలుగువాళ్ళను ఇక్కడ వెక్కిరించే మాటతో నవ్వారట. నాకు ఒళ్ళు మండింది, లోపల్లోపల సంతోషం కూడా వేసింది, కారణం దొరికింది కదా అని. పరుగున మేడంకి చెప్పాను. ఆవిడ అంతా విని, "ఆ మాట అనిపించుకున్న పిల్లలు ఈ ఊళ్ళో ఎంతమంది ఉన్నారో నీకు తెలుసు, నువ్వూ అనిపించుకునే ఉంటావు. వాళ్ళంతా మాట్లాడుతూనే ఉన్నారు కదా," అంది. ఈ పిల్ల పుట్టుకతోనే బెదురు మనిషి, ఆ నవ్వు దానికి తోడైంది, దోషిని వెతుక్కుంటూ కూర్చుంటే పరీక్షలు అయిపోతాయి, ఆమె గొంతును ఈ వరండా నుంచి బడి గదిదాకా నడిపించే దారి చూడు, అంది. నా వృత్తిలో నేను మళ్ళీ మళ్ళీ గుర్తు చేసుకున్న మాట అదే.

దారి ఇదీ. సాయంత్రం బడి వదిలాక ఖాళీ గదిలో ఎస్తేరు తల్లితో ఆడుకుంటూ మాట్లాడాలి. తర్వాత నేను చేరాలి. అది అలవాటయ్యాక టీచరు రావాలి, మొదట వరండాలోకి, తర్వాత గుమ్మంలోకి, ఆ తర్వాత గదిలోకి. ఆ క్లాసు టీచరు కమల చిన్న వయసు తమిళ పిల్ల, మనసున్నది. హెడ్మాస్టరును ఒప్పించింది ఆవిడే. మా పేటలోకి పైవంతెన రైలు కొత్తగా వచ్చిన రోజులు. శుక్రవారాలు అది ఎక్కి బీచి స్టేషనులో మారి తిరువొత్తియూరు వెళ్ళేదాన్ని. మొదటి రెండు మూడుసార్లు గదిలో తల్లీ కూతుళ్ళూ నేనూ గుసగుసలాడుకున్నాం. కమల టీచరు వరండాలోకి రాగానే ఆ గుసగుస కూడా ఆగిపోయేది. టీచరు కిటికీ వెనక దాక్కున్నా ఎస్తేరుకు తెలిసిపోయేది. పరీక్షలు దగ్గర పడుతున్నాయి.

అప్పుడొక శుక్రవారం అవ్వ నాతో బయల్దేరింది. నా పని చూడడానికి కాదు. తిరువొత్తియూరు అమ్మవారికి మొక్కు ఉంది, తోడు కావాలి. గుళ్ళో దర్శనం అయ్యాక, అవ్వను ఎక్కడ కూర్చోబెట్టాలో తెలియక బడికి తీసుకెళ్ళాను. గది మూలన చాప వేసి కూర్చోబెట్టి, నేను టీచరుతో మాట్లాడడానికి వరండాలోకి వచ్చాను. అవ్వకు ఊరికే కూర్చోవడం రాదు. గోడ పక్కన పడి ఉన్న గులకరాళ్ళు ఏరి, ఎస్తేరును చేత్తో పిలిచి, అచ్చనగాయలు ఆడడం మొదలుపెట్టింది. కరుణమ్మ చూస్తూ కూర్చుంది. అవ్వ ఆడుతోంది, మాట్లాడుతోంది, కాశీ నుంచి కరివేపాకు ధర దాకా. పిల్ల ఏదో గుసగుసగా అనడం కిటికీలోంచి కనిపించింది.

"ఏందీ?" అంది అవ్వ. "నాకు చెవుడు బిడ్డా. గట్టిగా చెప్పు."

పిల్ల మళ్ళీ అంది. అవ్వ చెవి దగ్గర చెయ్యి పెట్టి ముందుకు వంగింది. ఇంకా వినబడలేదు. ఇంతలో అవ్వ తనకు రాని రాయి తీసుకోబోయింది. అవ్వ ఆటలో తొండి చేస్తుంది, మా పేటలో అందరికీ తెలుసు.

"ఆ రాయి నాది," అని ఎస్తేరు గట్టిగా అంది. "నువ్వు ముందే ఓడిపోయినావు అవ్వా."

ఆ గొంతు గది దాటి, వరండా దాటి వచ్చింది. కమల టీచరు నా చెయ్యి పట్టుకుంది. ఆమెకు తెలుగు రాదు. ఏం చెప్పింది అని అడగలేదు కూడా. కళ్ళు తుడుచుకుని, లోపలికి వెళ్ళనా అని అడిగింది. వెళ్ళు, కానీ ఆటలోకి వెళ్ళు, అన్నాను. ఆమె వెళ్ళి చాప చివర కూర్చుంది. అవ్వ ఆమెను కూడా ఆటలో కలుపుకుని, తమిళంలో, ఈ పిల్లతో జాగ్రత్త, లెక్కలో ఒక్క రాయి వదలదు, అంది. ఎస్తేరు టీచరు వైపు చూసి కాసేపు ఆగింది. తర్వాత అవ్వ వంతు వచ్చింది, అవ్వ మళ్ళీ తొండి చేసింది, పిల్ల మళ్ళీ అరవక తప్పలేదు. ఈసారి టీచరు ఎదుటే.

ఇంటికి వచ్చాక అవ్వ నాయనను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. నేను వంటింట్లో ఉన్నాను. వాళ్ళ మాటలు వినడానికి దాక్కోవలసిన ఇల్లు కాదు మాది.

"నరాలు ఏందిరా?" అంది అవ్వ. "ఆ బిడ్డకి నరాలు బాగనే ఉండాయి. మాటే బయిటికి రాలా. నీ కూతురు ఆ మాట కోసరం చుమ్మా, ఊరికే, చాప మీద కూర్చోని ఎదురు చూస్తా ఉండాది, ఇన్నాళ్ళుగా. బోర్డు మీద అది రాయించు."

"అది ఎట్టా రాస్తారమా బోర్డు మీద?" అన్నాడు నాయన.

"రాసేదానికి లేదంటే బోర్డు వద్దు," అంది అవ్వ.

 కొన్ని రోజుల తర్వాత భోజనాల దగ్గర నాయన, బెంగుళూరులో మన సరుకు తీసుకునే శెట్టి ఒకాయన ఉండాడు, వాళ్ళింటి పక్కన ఆడపిల్లల హాస్టలు ఉండాదంట, అన్నాడు అన్నం కలుపుకుంటూ. మా ఇంట్లో అనుమతి అంటే అదే. ఈ సంగతంతా విన్న విశాలం మేడం చాలాసేపు నవ్వి, చెవిటి అవ్వను వాడాలని ఏ పుస్తకంలోనూ లేదు, ఉంటే బాగుండేది, అంది.

ఎస్తేరు ఆ ఏడు నోటి పరీక్షలు కమల టీచరుకు మెల్లగా, పొడిపొడిగా అప్పజెప్పింది. బడిలోనే ఉంది. అంతా ఒక్కరోజులో బాగుపడిందని చెప్పను. మధ్యలో మళ్ళీ కొన్ని నెలలు మూగబోయింది, మళ్ళీ తేరుకుంది. నేను బెంగుళూరు నుంచి వచ్చి ఆసుపత్రిలో చేరాక కరుణమ్మ అప్పుడప్పుడూ వచ్చి కబురు చెప్పిపోయేది. ఎస్తేరు ప్లస్ టూ చదివింది, ఒక బట్టల షాపులో బిల్లులు వేసే పనిలో చేరింది. మనసుకు నచ్చినవాణ్ణి చర్చిలో పెళ్ళి చేసుకుంది. ఇప్పటికీ తక్కువే మాట్లాడుతుందట. తక్కువ మాట్లాడడం జబ్బు కాదని నాకు తెలుసు.

ఇప్పుడు నా గది వేరు. మెత్తని కుర్చీలు, ఏసీ, అద్దాల అల్మారాలో బొమ్మలు. ఆ రోజుల్లో తల్లులు తాయెత్తులు కట్టించి, చివరికి దారి తెలియక మా దగ్గరికి వచ్చేవాళ్ళు. ఇప్పటివాళ్ళు జబ్బు పేరు ఫోనులో చూసుకుని, దానికి మందు పేరు కూడా తెలుసుకుని వస్తారు. అప్పుడు పదిమంది ఉన్న ఇంట్లో పిల్లకు ఒంటరిగా ఏడవడానికి మూల దొరికేది కాదు, ఇప్పుడు తలుపు వేసుకుంటే భోజనానికి కూడా ఫోను చేసి పిలవాలి. ఆ కాలమే మేలని నేను అనను. ఎస్తేరు లాంటి పిల్లలు ఎంతమంది మూగవాళ్ళనే పేరుతో ఇంట్లో ఉండిపోయారో తలుచుకుంటే అలా అనబుద్ధి కాదు. ఇప్పుడు బడులే మాకు పంపుతున్నాయి, తండ్రులు కూడా సెలవు పెట్టి వస్తున్నారు, పిచ్చి అన్న మాట వెయిటింగ్ హాల్లో వినబడి చాలా కాలమైంది. మారనిది ఒక్కటే. ఎదురు చూడడానికి ఇప్పటికీ అంతే కాలం పడుతుంది. దాన్ని తొందర చేసే యంత్రం ఇంకా రాలేదు. నాకు ఈ వయసులో ఆ పని మునుపటికంటే సులువుగా ఉంది. కాలం నాకు శత్రువనిపించడం మానేసింది.

పోయిన వారం పదహారేళ్ళ అమ్మాయి ఒకతె వచ్చింది. అది నాలుగోసారో ఐదోసారో. ఎప్పటిలాగే వచ్చి, కుర్చీలో ముడుచుకుని, గంటసేపు తన గోళ్ళు చూసుకుంటూ కూర్చుంది. నేను నా పనేదో చేసుకుంటున్నట్టు కూర్చున్నాను. బయట తల్లి చెప్పుల చప్పుడు వినిపించింది. అమ్మాయి లేచి, బ్యాగు భుజాన వేసుకుని, తలుపు దాకా వెళ్ళి ఆగింది. నా వైపు చూడకుండానే, వచ్చేవారం ఈ కుర్చీ కిటికీ వైపు తిప్పి పెడతారా, అని అడిగింది. పెడతాను, అన్నాను. ఆమె మెట్లు దిగిన చప్పుడు ఆగేదాకా ఉండి, లేచి, కుర్చీని కిటికీ వైపు తిప్పి, ఆకాశం ఎంత కనబడుతుందో అందులో కూర్చుని చూశాను.